గీత పైన నూనె

1963 మే 20, సోమవారం

లారీ ఈరోజు షెడ్డుకు తిరిగి వచ్చింది. రెండు నెలలు మద్రాసులో ఉంది. ఇంజను బ్లాకు కొత్తది, ఫ్యాను కొత్తది, బానెట్ కొత్తది. మిగతాదంతా పాతదే.

ఓనరు చెంచురామయ్య గారు కొడవలూరు నుంచి గుమ్మడికాయ తెచ్చారు. ఆయనకు అక్కడ వరి పొలాలు, ఇక్కడ నెల్లూరులో ఈ ఒక్క లారీ. కోతలప్పుడు వడ్లు తోలుతుంది, ఎండాకాలం కృష్ణపట్నం నుంచి ఉప్పు. దిష్టి తీయించి కాయ ట్రంకు రోడ్డు మీద పగలగొట్టించారు. తర్వాత నా వైపు తిరిగి, జ్ఞానప్రకాశం, మీ చర్చి అయ్యగారిని గూడా పిలిపించి ప్రార్థన చేయించబ్బా, ఏ దేవుడు డ్యూటీలో ఉండాడో మనకేం తెలుసు, అన్నారు. నవ్వాల్సిన మాటే. నవ్వు రాలేదు.

మేస్త్రీని గనక నేనే స్టార్ట్ చేశాను. బాగా పలికింది. ఇంజనుకు పోయే గాలిని వడగట్టే ఎయిర్ క్లీనర్ పక్కన మాత్రం నిలబడలేకపోయాను. అది గాలి పీలుస్తుంటే ఎవరో పళ్ల సందున ఊపిరి లాక్కుంటున్నట్టు ఉంటుంది. ఆరేళ్లుగా వింటున్న చప్పుడే. ఈరోజు వినలేక ఇంజను ఆపేశాను.

మే 21, మంగళవారం

నిన్న హెబ్రోను పేరు రాయకుండా పేజీ నింపాను. రాయకపోతే తేలిగ్గా ఉంటుందేమోనని. లేదు.

హెబ్రోను నా భార్య రెబెక్కమ్మకు తమ్ముడు. ఈ లారీ డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. తల్లి పోయాక హెబ్రోనునీ చిన్నవాడు సమాధానాన్నీ రెబెక్కమ్మే పెంచింది. మా పెళ్లయి ఆమె ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ ఆమె వెంటే వచ్చారు. మాకు పిల్లలు కలగలేదు, వాళ్లే పిల్లలయ్యారు.

మార్చి 14న కృష్ణపట్నం ఉప్పు మళ్ల దగ్గర లోడు ఎక్కించి, కట్ట ఏటవాలు మీద, ముందు చక్రాలు పైకి ఉండేట్టు లారీ నిలబెట్టాడు. ఇంజను ఆపలేదు. మధ్యాహ్నం ఒంటిగంట. ఉన్నట్టుండి ఇంజను దానంతట అది రేగింది. యాక్సిలరేటరు మీద కాలు లేదు. స్టాప్ నాబ్ లాగాడు. డీజిలు ఆగింది, ఇంజను ఆగలేదు. అలాంటప్పుడు ఇంజనుకు గాలి అందకుండా చేయడం ఒక్కటే దారి. కూలీలు పారిపోయారు. వాడు దిగి, బానెట్ ఎత్తి, గాలి పోయే నోరు మూయడానికి తుండుగుడ్డతో వంగాడు. ఫ్యాను రెక్క ఒకటి ఊడి మెడకు తగిలింది.

ఎయిర్ క్లీనర్ లోపం, దాని గిన్నెలో నూనెను ఇంజను లాక్కుంది, డీజిలు బదులు ఆ నూనె మీద నడిచింది. విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరుకు నేను చెప్పింది ఇది. వాడు పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటంలో లేచి నిలబడి సాక్ష్యంగా చెప్పిందీ ఇదే. అందరూ నమ్మారు. నలభై ఒక్కేళ్లవాణ్ణి, మిషన్ స్కూల్లో చదివినవాణ్ణి, ఇంజన్లు తెలిసినవాణ్ణి. ఎందుకు నమ్మరు?

మే 22, బుధవారం

చెంచురామయ్య గారు ముత్యాలయ్యను వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చారు. ముత్యాలయ్యకు స్టోన్‌హౌస్‌పేటలో రేకుల పని. ఈమధ్య లారీలకు ఎయిర్ పైపులు చేసి అమ్ముతున్నాడు.

కంపెనీ క్లీనరంటే బానెట్ కింద ఉండే ఒక గిన్నె, అందులో నూనె. లోపలికి పోయే గాలి ముందు ఆ నూనెను తాకి, దుమ్మును దానికి వదిలి, తీగల జల్లెడలోంచి ఇంజనుకు పోతుంది. గిన్నె లోపల ఒక గీత ఉంటుంది, నూనె అంతవరకే పోయాలి. ముత్యాలయ్యది పొడుగాటి రేకు పైపు. ఇంజను దగ్గర మొదలై క్యాబిన్ నెత్తి మీదికి లేస్తుంది. మూతికి చిన్న గొడుగు, లోపల ఉన్ని ఫెల్టు. నూనె లేదు, గిన్నె లేదు, గీత లేదు. ఎర్ర రంగు వేసి, దిష్టికి రెండు కళ్లు కూడా గీశాడు. గాలి ఆకాశం నించి తాగతాదన్నా, నేల మీది దుమ్ముతో దానికేం పని, అన్నాడు. పెళ్లిపందిట్లో ఊదాల్సిన సన్నాయి తెచ్చి ఇంజనుకు పెడతావా అన్నాను. వాడు నొచ్చుకున్నాడు.

చెంచురామయ్య గారు నన్ను పక్కకు పిలిచారు. పోయింది నీ ఇంటి మనిషి, ఆ గిన్నె చంపిందని చెప్పింది నువ్వు, అది ఉంచాల్నా తీసెయ్యాల్నా నువ్వే తేల్చు, జూన్ లోపల చెప్పు, నువ్వెట్టంటే అట్ట, అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. సోమవారం నుంచి డ్రైవరు సమాధానం. వాడే పోయి అడిగాడట. అన్న కూచున్న సీటులో ఇంకొకడు కూచుంటే చూడలేను అన్నాడట.

మే 23, గురువారం

రెబెక్కమ్మ నాకు ఇష్టమని రొయ్యలు వండింది. తినలేకపోయాను.

మే 25, శనివారం

రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

ఆ ఉదయం గిన్నెలో నూనె పోసింది నేను. గీత దాకా కాదు, గీత పైన రెండు వేళ్లు. అది నా పద్ధతి. ఉప్పు గాలికి కంపెనీవాడి గీత చాలదని నా వాదం. ఏ చల్లటి దేశంలోనో కూర్చుని గీత గీసినవాడికి కృష్ణపట్నం సంగతి ఏం తెలుసు అనేవాణ్ణి. కొలిచి వడ్డించే ఇల్లు కాదు మాది, కూరలో నూనెకైనా లారీలో నూనెకైనా కొసరు ఉండాల్సిందే అనేవాణ్ణి. రోడ్డు మీద డ్రైవర్లు దానికి ప్రకాశం మేస్త్రీ పోత అని పేరు పెట్టారు. ఆ మాట వింటే నాకు కడుపు నిండేది.

చదును రోడ్డు మీద ఆరేళ్లు ఏమీ కాలేదు. ఆరోజు బండి ముందు ఎత్తుగా, వెనక పల్లంగా నిలబడి ఉంది. నూనె అంతా ఒక పక్కకు చేరి పైపు నోరు అందుకుంది. అంతే. క్లీనర్లో ఏ లోపమూ లేదు.

నేను ఇరవై అడుగుల దూరంలో పందిరి కింద అన్నం తింటున్నాను. ఆ చప్పుడు విన్న క్షణంలోనే నాకు అర్థమైంది. గాలి మూయరా, గాలి మూయి, అని అరిచాను. వాడు నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంజను బిగుసుకుపోయి ఆగింది. అందరూ వాణ్ణి పందిరి కిందికి మోసుకుపోయారు. నేను లారీ దగ్గరే ఉండిపోయాను. చొక్కా విప్పి, గిన్నె ఊడదీసి, మిగిలిన నూనె కాలవలో పారబోశాను. పైపు లోపల జిడ్డంతా చొక్కాతో తుడిచాను. చొక్కా కూడా కాలవలో పడేశాను. ఒంటి మీద చొక్కా లేకుండా పందిరి కిందికి పోతే, బామ్మర్ది మీద కప్పడానికి విప్పేశాడు, యాడనో జారిపోయినట్టుంది పాపం, అని కూలీలు కళ్లు తుడుచుకున్నారు.

మే 27, సోమవారం

సమాధానంతో మొదటి లోడు. పాత క్లీనరే ఉంది, నూనె నేనే పోశాను. గీత దాకా.

రోహిణి కార్తె. ఉప్పు మళ్ల మీద పడమటి గాలి లేచి పొడి కళ్లలో పడుతోంది. ఎండకు ఆ తెలుపు చూడలేం. పందిరి కింద నిలబడి లారీ వైపు చూశాను. బానెట్ ఎత్తి ఉంది, ఎవరో నడుం దాకా లోపలికి వంగి ఉన్నారు. ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని. హెబ్రోను అలాగే వంగేవాడు. సమాధానం ఏమో అనుకున్నాను. సమాధానం నా వెనక కుండలో నీళ్లు ముంచుకుంటున్నాడు.

మళ్లీ చూస్తే బానెట్ మూసే ఉంది. ఎండకు కళ్లు చెదిరి ఉంటాయి. ఈ మాట అక్కడే పదిసార్లు అనుకున్నాను.

మే 28, మంగళవారం

పొద్దున గిన్నె ఊడదీసి చూశాను. నూనె గీత పైన ఉంది. రెండు వేళ్లు.

నిన్న నా చేత్తో గీత దాకా పోశాను. నూనె ఎండకు ఉబ్బుతుంది గానీ రెండు వేళ్లు ఉబ్బదు. వంచేసి, మళ్లీ గీత దాకా పోసి, మూత బిగించాను.

మే 29, బుధవారం

మళ్లీ రెండు వేళ్లు.

షెడ్డు తాళం నా మొలతాడుకు ఉంది. తాళం తీసి లోపలికి పోయేసరికి వాడి వాసన. బీడీ, చెమట, వాడు తలకు రాసుకునే కొబ్బరినూనె. నేను దెయ్యాలు నమ్మను. మా అయ్యగారు నమ్మకూడదన్నారని కాదు, ఇంజన్లతో బతికేవాడు కారణం లేకుండా దేన్నీ ఒప్పుకోడు. ఈరోజు కారణం దొరకలేదు. గిన్నె చేతిలో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఏం చేయమంటావురా అని పైకే అడిగాను.

మే 30, గురువారం

కారణం దొరికింది. దెయ్యమైతేనే బాగుండేది.

ఉప్పు మళ్ల దగ్గర నేను అన్నానికి కూర్చున్నాక సమాధానం లారీ అవతలి వైపుకు పోయాడు. నేను వెనకే పోయి చూస్తే, గిన్నె ఊడదీసి నూనె డబ్బా వంచుతున్నాడు. ఎడమ చెయ్యి వీపు మీద పెట్టుకుని. ఏం చేస్తున్నావురా అన్నాను. సిగ్గుపడ్డాడు. బావా, నువ్వు ఈమధ్య మనసు బాగలేక తక్కువ పోస్తా ఉండావు, అందుకని రోజూ నేను సరిచేస్తా ఉండా, అన్నాడు. గీత కంపెనీవాడిది, పోత బావది అని అన్న నేర్పించినాడు, అన్నాడు. అన్న బట్టలే వేసుకుంటున్నాడు, అన్న కొబ్బరినూనె సీసానే వాడుతున్నాడు. షెడ్డులో వాసన వాడి తువ్వాలుది.

వద్దురా, గీత దాకా చాలు అన్నాను. ఎందుకు బావా అన్నాడు.

ఆ ఎందుకుకు జవాబు నా దగ్గర ఉంది. చెప్పలేదు. కొత్త ఇంజనుకు తక్కువ చాలు అన్నాను. సరేనన్నాడు గానీ నమ్మలేదు. ఉప్పు గాలి వీస్తుంటే వాడి చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. నా చెయ్యి ఊరుకుందా?

జూన్ 1, శనివారం

అన్ని వైపులా ఆలోచించాను.

కంపెనీ గిన్నె ఉంచితే సమాధానానికి నిజం చెప్పాలి. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఆ కట్ట మీద వాడూ వంగుతాడు. ముత్యాలయ్య పైపు పెడితే గిన్నే ఉండదు. ఎక్కువ పోయడమనే మాటే ఉండదు. నేను ఎవరికీ ఏమీ చెప్పక్కరలేదు. గిన్నె చంపింది, గిన్నె తీసేశాం, కథ కంచికి.

ఫెల్టు ఉప్పు పొడిని ఆపుతుందా? మేస్త్రీగా నాకు అనుమానమే. పొడి లోపలికి పోతే పిస్టన్ రింగులు అరుగుతాయి. రింగులు అరిగితే ఇంజను తన అడుగునున్న నూనెనే పైకి లాక్కుంటుంది, మళ్లీ అదే రేగడం. అప్పుడు గాలి మూయాలంటే నోరు క్యాబిన్ నెత్తిన ఉంటుంది, చెయ్యి అందదు. కానీ అది ఏడాదికో రెండేళ్లకో. గిన్నె ప్రమాదం రేపే.

ఇలా లెక్క వేసుకుని మంచం మీద పడుకున్నాను. లెక్కంతా నా నోరు మూసుకోవడం కోసమే వేశానని తెలుస్తూనే ఉంది.

జూన్ 2, ఆదివారం

గుడిలో రెబెక్కమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. తమ్ముణ్ణి తీసుకున్న దేవుడు, తమ్ముణ్ణి కన్నబిడ్డలా చూసుకున్న మొగుణ్ణి నాకు ఉంచినాడు, ఆయనకే స్తోత్రం, అంది. ఆడవాళ్లందరూ నా వైపు చూశారు. నేను పాటల పుస్తకంలో తల పెట్టాను.

జూన్ 5, బుధవారం

చెంచురామయ్య గారికి చెప్పేశాను. పైపు పెట్టించండి అన్నాను. ముత్యాలయ్య ఎగిరి గంతేశాడు. కంపెనీ క్లీనరు గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. రెబెక్కమ్మ అది చూసి, ఆ పాపిష్టిదాన్ని ఇంట్లోకి తేవద్దంది. గొడ్లచావిట్లో పెట్టాను.

జూన్ 8, శనివారం

పైపుతో మొదటి లోడు. వేగం ముప్పై మైళ్లు దాటితే పైపులో గాలి పాడుతుంది. వెంట వచ్చిన ముత్యాలయ్యకు అదే గొప్ప. సన్నాయన్నావుగా, ఇప్పుడు విను, అన్నాడు. సన్నాయిలా లేదు. హెబ్రోను బండి తోలుతూ పెదవులు విప్పకుండా గొంతులోనే కీర్తన లాగేవాడు, రాగం తెలిసేది, మాటలు తెలిసేవి కావు. అలా ఉంది. ముత్తుకూరు దాటిందాకా ఓర్చుకున్నాను. సమాధానం మాత్రం ముఖం వెలిగించుకుని, బావా, ఇనబడతా ఉందా, అన్నాడు. ఏంది అన్నాను. ఏం లేదులే అన్నాడు.

జూన్ 12, బుధవారం

నూనె గొడవ లేదు. బాగా నిద్రపోయాను. అన్నం కూడా సయించింది.

జూన్ 15, శనివారం

ఆగలేక పైపు ఇంజను దగ్గర విప్పి చూశాను. వారం రోజుల పరుగు. ఫెల్టు దాటిన తర్వాత, ఇంజను నోటి దగ్గర, వేలు పెట్టి రుద్దాను. తెల్లగా వచ్చింది. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

ఏడాది, రెండేళ్లు అని నాకు నేను చెప్పుకున్నది అబద్ధం. ఈ లెక్కన ఇంజను వచ్చే సంక్రాంతి కోతల దాకా కూడా నిలవదు. రింగులు పోతాయి, ఇంజను రేగుతుంది, సమాధానం స్టాప్ లాగుతాడు. ఆగదు. నోరెక్కడ అని వెతుక్కుంటూ క్యాబిన్ మీదికి ఎక్కుతాడు.

ఆ ఉప్పు నోట్లోంచి పోవడం లేదు. మూడుసార్లు పుక్కిలించాను.

జూన్ 16, ఆదివారం, సాయంత్రం 6 గం.

చెప్పేశాను. ఎవరూ నమ్మలేదు!

గుడి అయ్యాక లారీకి ప్రార్థన పెట్టుకున్నాం. షెడ్డు ముందు చాపలు పరిచారు. అయ్యగారు, రెబెక్కమ్మ, సమాధానం, సంఘంలో ఓ పదిమంది. చెంచురామయ్య గారు కుర్చీ వేయించుకుని దూరంగా కూర్చున్నారు. సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. హెబ్రోనును క్లీనరు చంపలేదు, నేను చంపాను, గీత పైన నూనె పోసింది నేను, తర్వాత తుడిచేసింది కూడా నేనే అన్నాను.

అయ్యగారు వచ్చి నా భుజం పట్టుకుని, దుఃఖం మనిషిని ఇట్లనే నేరస్థుణ్ణి చేస్తాది, ఇతరుల భారం తన మీద వేసుకునే మనసు అందరికీ రాదు, అని ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అన్నారు. చెంచురామయ్య గారు ఒక వారం లీవు పెట్టుకోబ్బా అన్నారు. ఆరేండ్లు పోసినావు గదా బావా, అప్పుడేం కాలేదే, అన్నాడు సమాధానం. రెబెక్కమ్మ ఇంటికి తీసుకొచ్చి తలకు ఆముదం అంటింది, మజ్జిగ ఇచ్చింది. పండుకో, ఎండదెబ్బ, అంది.

నిజం చెబితే రాళ్లు వేస్తారనుకున్నాను. మజ్జిగ ఇచ్చారు.

జూన్ 17, సోమవారం

పైపు తీసేయండి అని చెంచురామయ్య గారి కాళ్లావేళ్లా పడ్డాను. బామ్మర్దిని చంపిన దాన్ని మళ్లీ పెట్టమంటావా, నీకు మతి చెడినట్టుండాది, అన్నారు. సమాధానం అయితే, అన్న పాట ఉంది బావా దాంట్లో, తీయనియ్యను, అన్నాడు. వాడికీ అలాగే వినబడుతోందన్నమాట.

చూపిస్తే తప్ప నమ్మరు.

జూన్ 19, బుధవారం

చూపించాను.

చెంచురామయ్య గారిని, ఒక్కసారి చూసి తర్వాత మీ ఇష్టం అని ఒప్పించాను. ఖాళీ లారీ, అదే కట్ట, అదే ఏటవాలు. రెబెక్కమ్మను రావద్దన్నాను. వచ్చింది. సమాధానం పక్కన పందిరి కింద నిలబడింది. ఆమె ఆ చోటు చూడటం ఇదే మొదలు.

కంపెనీ క్లీనరు మళ్లీ బిగించాను. ఫ్యాను ఊడదీసి పక్కన పెట్టాను. రబ్బరు షీటు కొట్టిన చెక్కపలక ఒకటి చేసి తెచ్చుకున్నాను, గాలి మూయడానికి. ముందు గీత దాకా నూనె పోసి స్టార్ట్ చేశాను. కాసేపు నడిచింది, ఏమీ కాలేదు. ఆపి, సమాధానం చూస్తుండగా గీత పైన రెండు వేళ్లు పోశాను. ఇదేగా మన పోత అన్నాను. వాడు తలూపాడు. మళ్లీ స్టార్ట్ చేశాను.

నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత ఆ చప్పుడు వచ్చింది. పొగ తెల్లగా కమ్మింది. స్టాప్ లాగి చూపించాను, ఆగలేదు. కేక పెరుగుతూనే ఉంది. పొగలో రెబెక్కమ్మ రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని హెబ్రోనూ అని అరవడం నోటి కదలికను బట్టి తెలిసింది. పలక పెట్టి బలమంతా వేసి అదిమాను. రెండుసార్లు కొట్టుకుని ఆగింది. ఉప్పు మళ్ల మీద అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు.

చెంచురామయ్య గారు తలపాగా తీసి చేతిలో పట్టుకుని పోయి కారులో కూర్చున్నారు. సమాధానం కట్ట మీద కూలబడ్డాడు. రెబెక్కమ్మ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఫ్యాను ఎందుకు తీసి పెట్టినావు, అంది. ఇంజను అంత వేగం పోతే రెక్క ఊడుతుంది, అందుకని, అన్నాను. ఆమె ఆ ఫ్యాను వైపు చాలాసేపు చూసింది. ఈ సంగతి ఆరోజు నీకు తెలుసునా, అంది.

తెలియదన్నాను. ఆరోజు వాడికి అట్టయినాకనే తెలిసింది అన్నాను.

మరి అరిచినోడివి నువ్వే ఎందుకు పోలా, ఇరవై అడుగులేగా, అంది. అన్నం తింటున్నాను అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

జూన్ 20, గురువారం

రెబెక్కమ్మ చిట్టమూరులో ఉన్న వాళ్ల పిన్నమ్మ ఇంటికి పోయింది. గుడ్డల మూట, బైబిలు. ఎప్పుడు వస్తావని అడిగే ధైర్యం నాకు లేదు. పొయ్యి మీద అన్నం వండి పెట్టే పోయింది.

జూన్ 22, శనివారం

అయ్యగారు వచ్చారు. ఆదరణ కూటంలో చెప్పిన సాక్ష్యం అబద్ధమని సంఘం ముందు ఒప్పుకోవాలన్నారు. ఒప్పుకుంటానన్నాను. ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు కూడా కాగితం రాసి పోస్టు చేశాను. వాళ్లు ఏం చేస్తే అది.

జూన్ 24, సోమవారం

నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. చెంచురామయ్య గారు తీయలేదు. ముత్యాలయ్య పైపు వాడికి వాపసు పంపారు. కంపెనీ క్లీనరు ఉంటుంది. సమాధానం మానేస్తాడనుకున్నాను. వాడూ మానలేదు.

పొద్దున షెడ్డు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. గిన్నె ఊడదీసి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ గారూ, సరిపోయిందా చూడండి, అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో వాడు నన్ను బావా అని తప్ప ఇంకోలా పిలవలేదు. నువ్వు అనడమే గాని మీరు అనలేదు. చూశాను. నూనె గీత దగ్గర సరిగ్గా ఉంది. సరిపోయింది అన్నాను. మంచిదండీ అని బిగించుకుని పోయాడు.

ఉప్పు మళ్ల దగ్గర ఇవాళ ఎవరూ కనిపించలేదు. బానెట్ మీదికి వంగినవాళ్లు లేరు. చూస్తూ కూర్చున్నాను. రావాలని చూశాను.

జూన్ 26, బుధవారం, ఉదయం 5 గం.

ఫ్యాను ఊడుతుందని నాకు ఆరోజే తెలుసు. వాడికి తెలియదు. అందుకే వాణ్ణి పొమ్మన్నాను, నేను పోలేదు.

ఇది రెబెక్కమ్మకు చెప్పడానికి మొదటి బస్సుకు చిట్టమూరు పోతున్నాను.